బోటు కదలకముందే

జూన్ 3
కాలేజీలో మళ్ళీ అదే ఫారం. ‘రాబోయే అయిదేళ్ళలో సొంత వ్యాపారం మొదలుపెట్టాలని ఉందా?’ ఫస్టియర్‌లో ‘తప్పకుండా’ దగ్గర టిక్కు పెట్టాను. సెకండియర్‌లోనూ. ఇవాళ మూడోసారి. సార్ చేతులెత్తమన్నారు. క్లాసంతా ఎత్తాం. ‘ఒక్క వస్తువు, ఒక్కరికైనా అమ్మినవాళ్ళు?’ చేతులన్నీ దిగిపోయాయి. నాదీ. ఒళ్ళు మండింది... సార్ మీద కాదు.

జూన్ 4
ఏం అమ్మాలో తెలియక కాదు. అల్లం, బెల్లం, నల్ల ఉప్పు కలిపిన ముక్కలు — బోటులో కడుపు తిప్పేవాళ్ళకి. నిరుడు కాలేజీ పోటీలో ప్రైజు కూడా వచ్చింది. వచ్చింది కాగితానికి. ముక్క ఇంతవరకూ ఎవరి నోట్లోనూ పడలేదు.

జూన్ 7
పాకం ముదిరింది. రాయి. అమ్మ సుత్తి తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. వంటింట్లో నవ్వుతోంది.

జూన్ 8
కుదిరింది!

జూన్ 11
ఫీనిక్స్ బే. దీవులకి బోట్లు బయల్దేరే జెట్టీ దగ్గర టీకొట్టు భయ్యా కొన్ని పొట్లాలు ఉంచుకున్నాడు. పొద్దుటి బోటుకే సగం పోయాయి. ఇంటిదాకా నడిచే వచ్చాను, బస్సు సంగతే మర్చిపోయి.

జూన్ 12
ఒకావిడ బోటు దిగి, పొట్లం కొట్టు మీద పడేసి వెళ్ళిందట. కడుపు తిప్పగానే తిన్నా దారంతా వాంతులేనట. భయ్యా మిగిలినవి నా చేతిలో పెట్టాడు. ‘దీదీ, ఆప్‌నే ఖుద్ ఖాయా హై క్యా, బోట్ మే?’
నువ్వు తిన్నావా అని. బోటెక్కితే కదా తినడానికి! చేపల వేటకెళ్ళే మనిషి కూతుర్ని, నాన్న చిన్న పడవ, ఆ డోంగీ చూస్తేనే కడుపులో తిప్పుతుంది. నీల్ దీవిలో అత్త పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

జూన్ 13
నాన్న వల బాగుచేస్తుంటే చెప్పాను. తలెత్తకుండానే —
‘కడుపు తిప్పినాక తింటే ఏటి లాభమే? అరగంట ముందే తినాల. కొత్తోళ్ళకి మేం ఒడ్డు మీదే నిమ్మకాయ ఉప్పు నాకిస్తాం.’
ప్రైజు కోసం పేజీలు పేజీలు రాశాను. ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

జూన్ 14
పొట్లాలన్నిటి మీదా రాశాను, తెలుగులో, హిందీలో: బోటెక్కడానికి అరగంట ముందు తినండి.

జూన్ 15
భయ్యా చదివాడు. ‘బాత్ సహీ హై, దీదీ. లేకిన్...’
మాట నిజమేనట, కానీ... ఆ ‘కానీ’ నాకు అర్థమైంది. నేనే తిని ఆదివారం నీల్ వెళ్ళొస్తానన్నాను. వాంతి లేకుండా దిగితే కొట్టులో పెడతాడు. లేకపోతే ఇంక అడగను.
నాన్న: ‘గాలి తిరిగినాది, ఈ వారం వద్దే.’
ఈ వారమే వెళ్ళాలి. సముద్రం నెమ్మదిగా ఉంటే అల్లం ఎవరికి కావాలి?

జూన్ 16
టిక్కెట్టు తీసుకున్నాను.

జూన్ 19
గడియారం చూసుకుని ఒడ్డు మీదే తిన్నాను. నాన్న వేట మానేసి జెట్టీకి వచ్చాడు, చేతిలో బకెట్టు. ‘ఉంచుకో’ అన్నాడు. తీసుకోలేదు.

కదిలింది.

హార్బర్ దాటాం. మొదటి అల ఎత్తి దించింది. అక్షరాలు వంకర. పక్కనావిడ మొహం పాలిపోయింది, నా పొట్లం వైపు చూస్తోంది. ‘ముందే తినాలి ఆంటీ’ అని చెప్పాలి... నోరు తెరవాలంటే భయంగా ఉంది.

ఇంకో అల. పెద్దది.

రాస్తున్నాను. ఇంకా రాస్తూనే ఉన్నాను —