చిత్తు రాసి పంపమ్మా, సంతకం పెడతాను

మాస్టారూ, కోపం వచ్చినా గౌరవం ఇంకా పోలేదు కనుక ముందుగా నమస్కారం.

పదకొండేళ్ళుగా మీ ల్యాబ్‌లో నేనేం చేస్తున్నానో మీకు తెలియదు. తెలుసుకోవాలని మీరు ఏనాడూ అనుకోలేదు.

పీహెచ్‌డీ అయ్యాక చేసే ఆ పోస్ట్‌డాక్ ఉద్యోగం నాకెందుకు రాలేదో అడుగుదామని నిన్న అక్కడి ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాను. పాపం, మొహమాటపడుతూనే చెప్పిందావిడ. "మీ మాస్టారి సిఫారసు లేఖ మరీ చప్పగా ఉందండీ. ఓపిక ఎక్కువ, వేళకు వస్తుంది అని రాశారు. అదే ఆయన ఆ అబ్బాయి గురించి రాసింది చదివాక మా కంటికి ఇంకెవరూ ఆనలేదు."

ఆ అబ్బాయంటే మన ల్యాబ్‌లో అందరం తమ్ముడని పిలిచేవాడే. నా పక్క కుర్చీలో కూర్చుని, లోహంలో పగులు ఎటు పాకుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నా దగ్గర నేర్చుకున్నవాడు.

ఆ రెండు లేఖలూ రాసింది నేనే మాస్టారూ. "చిత్తు రాసి పంపమ్మా, సంతకం పెడతాను" అన్నారు మీరు. ల్యాబ్‌లో అందరివీ నేనే రాస్తాను కదా, ఇదేం కొత్త? వాడి గురించి రాస్తుంటే చెయ్యి ఆగలేదు. నా గురించి రాయబోతే సిగ్గేసింది. ఆ పగుళ్ళు లెక్కగట్టే మన మోడల్లో తప్పుందని ఎనిమిది నెలలు వెతికి పట్టుకున్నది నేను. అచ్చుకు వెళ్ళబోతున్న పేపరు ఆపించి మీ పరువు నిలబెట్టింది నేను. దానికి 'ఓపిక' అని పేరు పెట్టుకున్నాను. తన గొప్ప తను చెప్పుకునే ఆడదాన్ని లోకం ఏమంటుందో వింటూ పెరిగినదాన్ని. ఈ పద్ధతి పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలియదా, తెలిసే పెట్టారా? పని చేసినవాళ్ళే పొగడ్త కూడా రాసుకోవాలంటే ఇక పెద్దలెందుకు, ముద్ర వేయడానికా?

ఎవరి మీద కోప్పడాలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. మీ మీద అనుకుంటే, రాసింది నేను. నా మీద అనుకుంటే, రాయమన్నది మీరు. ఆడవాళ్ళకి అన్యాయం జరుగుతోందని ఇన్ని మీటింగుల్లో మైకు పట్టుకుని అరిచినదాన్ని, నా కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోలేకపోయాను.

పొద్దున తమ్ముడు నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఇంటర్వ్యూలో మాస్టారి ఉత్తరం చదివి వినిపించారు. ఆయన నన్ను అంతలా గమనించారా? నా పేరైనా గుర్తుందో లేదో అనుకునేవాణ్ణి."

"గమనించార్రా" అన్నాను.

"నీకైతే ఇంకెంత బాగా రాసుంటారో" అన్నాడు.

వాణ్ణి గమనించింది నేను. మరి నన్ను?

నా కాంట్రాక్టు నెలాఖరుతో ఆఖరు. ఇంకో పోస్ట్‌డాక్‌కి శుక్రవారం గడువు. నాకు కావలసినవి ఇవి:

1. ఈసారి నా లేఖ మీరే రాయాలి. పాత చిత్తు తెరవకూడదు.
2. ఏం రాయాలో తెలియకపోతే రేపు పదింటికి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. చూపిస్తాను.
3. ఇకమీదట ఎవరినీ చిత్తు అడగకూడదు.
4. తమ్ముడికి ఈ సంగతి తెలియకూడదు. వాడి గురించి మీరు సంతకం పెట్టినదంతా నిజమే.

మీ ల్యాబ్
పెద్దక్క