ఉడుత నిచ్చెనకు ప్లాస్టిక్ తాడు

బీమో,

లేవగానే ముందు బోను దగ్గరికి వెళ్లు, ఫోను తర్వాత చూసుకోవచ్చు. నీ వెదురు నిచ్చెన విప్పేశాను. మెట్ల పుల్లలు ఏడూ బల్ల మీద ఉన్నాయి, పారేయకు.

పొద్దున ఐదింటికి బోనులో క్లెపోన్ అరుపుకు లేచాను. ఆగస్టు పదిహేడు, స్వాతంత్ర్య దినానికి సందులో జెండాలు కట్టగా మిగిలిన ఎర్ర ప్లాస్టిక్ తాడుతోనే నిచ్చెన కట్టావు. ఉడుత కదా, కొరికింది. కొరికిన చోట తాడు వెంట్రుకల్లా చీలి దాని వెనక కాలి వేలికి చుట్టుకుంది. గోళ్ల కత్తెరతో తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వేలు వాచింది, నల్లబడలేదు. మధ్యాహ్నం మళ్లీ చూడు. నల్లబడితే నా కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, లేకపోతే వేలు పోతుంది.

ఆ తాడు వద్దని నిన్న మూడుసార్లు చెప్పాను. "లారీని లాగినా తెగదక్కా, నీ పాఠాలు బడిలో చెప్పుకో" అన్నావు. నిజమే, తెగలేదు. తెగి ఉంటే వేలు వాచేది కాదు.

ఈసారి పుల్లలకు బెజ్జాలు పెట్టి కొబ్బరి పీచు తాడు గుచ్చు. అది కొరికితే తెగిపోతుంది. దాని కొబ్బరి చిప్ప గూడు కూడా లోపలి కొబ్బరి గీకకుండానే వేలాడదీశావు, చీమలు పట్టాయి. ఎండలో పెట్టాను.

నిన్ను లేపబోతే అమ్మ అడ్డుపడింది. "నిన్నంతా నడుం వంచి కట్టాడే, పడుకోనీ" అంది. వేయించిన సోయా టెంపే మూత కింద ఉంది, తిను.

లారస్ అక్క

క్లెపోన్‌కి అరటిపండు పెట్టాను, ముట్టలేదు. నీ నిచ్చెన పై మెట్టు ఉన్న చోటే ఊచలు పట్టుకుని కూర్చుంది. నేను వచ్చేలోగా కట్టెయ్.