రెండో బల్ల

మార్చి 4

ప్రోటోకాల్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని. ప్రభుత్వ విందుల్లో ఏ దేశపు రాయబారి ఎక్కడ కూర్చోవాలో ప్లాన్ గీయడం. ఈసారి ఒక పెద్ద దేశాన్ని మొదటి బల్ల నుంచి రెండో బల్లకి దించమని డైరెక్టర్ చెప్పారు. ఒకప్పుడు వాళ్లు దగ్గితే ఇక్కడ మంత్రులు మారేవారు. మా టైపిస్ట్ నవ్వాడు.

"ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. మన దగ్గర వంద కూడా పలకట్లేదు గురువుగారూ."

మార్చి 6

మొదటి బల్లకి చేతిరాత నేమ్ కార్డులు, రెండో బల్లకి ప్రింటువి. అది రూలు. ఆ చేతిరాత నా భార్యది. కార్డు మీద దేశం పేరే ఉంటుంది కనుక నలిగేదాకా అదే వాడతాం. ఆ దేశం కార్డు నలిగితే అక్టోబరులో ఆసుపత్రి మంచం మీద మళ్లీ రాసింది. చివరి అక్షరం కాస్త వంకర. తర్వాత పెన్ను పట్టలేదు.

ఇప్పుడు ఆ కార్డు చించేయమన్నారు.

మార్చి 7

చించలేదు.

మార్చి 11

సీటు మారిందని ఆ దేశపు రాయబారికి ముందుగా చెప్పాల్సింది నేనే. రెండుసార్లు నంబరు నొక్కి ఫోన్ పెట్టేశాను. విందు రేపు మధ్యాహ్నమే.

మార్చి 12, సాయంత్రం నాలుగు

తప్పు నాదే. రాయబారి, పెద్దాయన, అలవాటుగా మొదటి బల్ల దగ్గరికే నడిచారు. ఆయన కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. కుర్చీ వెనక చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. ఎవరూ తలెత్తలేదు. వెళ్లి తీసుకొచ్చాను.

రెండో బల్ల మీద అన్నీ ప్రింటు కార్డులు, ఒక్కటి చేతిరాత. రూలు తప్పి నేనే పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. ఈ రాతని మెచ్చుకుంటూ ఒకసారి నా భార్యకి ఉత్తరం రాసిన మనిషి.

"మీ ఆవిడగారి రాత కదా. ఎలా ఉన్నారు?"

నవంబరులో పోయిందన్నాను. ఆయన కూర్చున్నారు.

బల్లలు తీసేటప్పటికి కార్డు లేదు. చెత్తబుట్టలు కూడా వెతికాను.

మార్చి 13

ఫోన్ చేయనందుకు మెమో. సంతకం పెట్టి తీసుకున్నాను.

జూన్ 2

వాళ్ల జాతీయ దినోత్సవానికి నాకు పిలుపు. ఒకప్పుడు ఆ పిలుపు కోసం మంత్రులే పైరవీలు చేసేవారు. జనం దొరక్క గుమాస్తాలని పిలుస్తున్నారని టైపిస్ట్ అన్నాడు. కావచ్చు.

జూన్ 5

సగం కుర్చీలు ఖాళీ. మొదటి బల్ల మీద నా పేరు, వణికే ముసలి చేతిరాతలో. కార్డు తిప్పి చూశాను. వెనక నా భార్య రాత, చివరి అక్షరం కాస్త వంకర.