చెవి దగ్గర సున్నం డబ్బా

వకీలు సాబ్,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ రోజే మీ బిడ్డ నల్లగొండ కోర్టులో తన మొదటి కేసు వాదించింది. ఆ కేసు నాదే.

చిట్యాలలో ఫోటో తీసే కానిస్టేబుల్‌ను ఆటపట్టిద్దామని, ఆటో నడుపుతూ సున్నం డబ్బా చెవికి పెట్టుకున్నాను. ఫోన్ మాట్లాడానని చలానా రాశారు. తప్పు ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది.

"నువ్వు నోరు తెరిస్తే కేసు పోతది కాకా," అన్నది మీ బిడ్డ. చలానా మీది ఫోటో పెద్దది చేయించి జడ్జిగారికిచ్చింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నా వైపు తిరిగి అన్నారు:

"డబ్బానే. కేసు కొట్టేస్తున్నా. నీ వేషాలు బంద్ పెట్టు."

బయటికొచ్చాక ఆమె నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుంది. "బాపు ఉంటే ఏమనేటోడు కాకా?" అని అడిగింది.

అందరినీ, మిమ్మల్ని కూడా అనుకరించి నవ్వించేవాణ్ణి కదా, మీ గొంతుతోనే చెప్పబోయాను. ఆ ఒక్క గొంతు రాలేదు.