ప్రతి స్టేషన్లో ఆగే బండి

చిరంజీవి పిచ్చుకకి,

అక్క దీవెనలు. మేమిద్దరం కులాసా అని రాసి, మీరంతా కులాసా అని తలుస్తూ ఉత్తరం మొదలుపెట్టడం మనింటి అలవాటు. రెండో సగం నిజమై ఉంటుందని నమ్ముతున్నాను. మొదటి సగం ఈసారి రాయలేను.

గురువారం పొద్దున మీ స్టేషన్లో దిగుతామని రాశాను కదా. దిగం. నువ్వూ మరిదిగారూ వచ్చి పెట్టె పెట్టెకీ వెతుక్కోకండి. దారి మధ్యలో ఒక జంక్షన్లో దిగిపోయాం.

మీ బావది దగ్గు కాదు. గొంతులో గడ్డ. చెడ్డ గడ్డ. శుక్రవారం లోపల మీ ఊరి పెద్దాసుపత్రిలో చేర్చాలి. ఆపరేషన్ చేస్తే మనిషి ఉంటారు, మాట ఉండదు. చేయకపోతే కొన్నాళ్ళకి రెండూ ఉండవు. ఆయన ఇక్కడి నుంచి కదలనంటున్నారు.

చదివి అక్కడే కూలబడిపోకు. చివరిదాకా చదువు. నీతో పనుంది.

ఫోన్ చేయకూడదా అంటావు. ఫోన్లో నాకు "ఆ", "ఊ" తప్ప రావని ఎగతాళి చేసేది నువ్వే. పైగా నువ్వు ఏడుపు మొదలుపెడితే నేను చెప్పాల్సింది చెప్పలేను. వెయిటింగ్ రూంలో కలిసిన టీచరమ్మ ఒకావిడ సాయంత్రం ఎక్స్‌ప్రెస్‌లో మీ ఊరే వస్తోంది, మేం రావాల్సిన బండికంటే ముందే చేరుతుందట. మీ వీధి తెలుసట. ఆవిడ చేతికిస్తున్నాను. ఆవిణ్ణి గుమ్మంలోంచే పంపెయ్యకు, కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. మాకు సముద్రం వైపు గది సిద్ధం చేయనా, వీధి వైపు గదా అన్నావు. వీధి వైపుది. ఆయనకి చుట్టూ మనుషుల గోల ఉండాలి. ఉన్ని బట్టలు తెచ్చుకోమన్నావు, తెచ్చాను. మీ పెద్దాడి ఉద్యోగం గురించి దేవుడికి చెప్పమన్నావు. దాని సంగతి తర్వాత రాస్తాను.

"ఇన్నేళ్ళు గుమ్మం దాటనివాళ్ళు ఇప్పుడు విహారయాత్రేమిటే అక్కా, కొత్తజంటలాగా!" అని నవ్వుతూ రాశావు. దానికి జవాబు పొడుగు.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా "ఇది ఇల్లా, పరీక్షలు రాసే హాలా?" అనేదానివి. తెల్లారకముందే తిరగేసిన పెట్టె ఎక్కి, కూరగాయల మార్కెట్ ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా వేలం వేసే మనిషి, మధ్యాహ్నం ఇల్లు చేరాక నోరు విప్పేవారు కాదు. గొంతు రేపటికి దాచుకోవాలి. వాళ్ళ పనిలో అదొక కట్టుబాటు. మంచినీళ్ళకి బల్ల మీద ఒక తట్టు, వడ్డించింది చాలంటే రెండు, కోపమొస్తే తలుపు చప్పుడు. ఆయన మాట్లాడని ఇంట్లో నేనొక్కదాన్నీ ఏం మాట్లాడను? నాకూ మాటలు తగ్గిపోయాయి. ఒకసారి పక్కింటావిడ మాకు మాటల్లేవనుకుని రాజీ చేయడానికి వచ్చింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆవిడకి టీ ఇచ్చి పంపేశాం.

గడ్డ సంగతి తెలిశాక ఆయన ఒకటే మాటన్నారు. "గొంతు లేకపోతే నేనెవర్నే? పెట్టె ఎక్కి నిలబడితే పిట్టల్ని తోలే బొమ్మనుకుంటారు." ఆపరేషన్ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. నాకు దారి కనిపించలేదు. "పోనీలెండి, ఆసుపత్రి వద్దు. ఒక్కసారి రైలెక్కి చెల్లి వాళ్ళ ఊరికి సరదాగా వెళ్ళొద్దాం, పెళ్ళయ్యాక ఎక్కడికీ వెళ్ళలేదు" అన్నాను. ఆయన కళ్ళు చిన్నపిల్లాడిలా వెలిగాయి. ఆసుపత్రి కాగితాలు నా బట్టల అడుగున పెట్టుకున్నాను. మీ ఊళ్ళో దిగాక ఎలాగో ఒప్పిద్దామనుకున్నాను. అదే మా విహారయాత్ర.

రైలెక్కాక ఏం జరిగిందో చెప్తే నువ్వు నమ్మవు. మీ బావ మాట్లాడటం మొదలుపెట్టారు. నాతోనే. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. బొంగురు గొంతు, మధ్యమధ్యలో ఆగి నీళ్ళు తాగుతూ, మళ్ళీ అందుకుంటూ. మార్కెట్లో ఏదన్నా తమాషా జరిగితే ఇంటికెళ్ళి దీనికి చెప్పాలి అనుకునేవారట. ఇల్లు చేరేసరికి గొంతు అరిగిపోయేది, రేపు చెప్దాంలే అనుకునేవారట. "అన్నీ ఉన్నాయే లోపల, గోదాములో బస్తాల్లాగా. ఒక్కటీ కుళ్ళలేదు చూడు" అన్నారు.

ఒకాయన వేలంపాట మధ్యలో తుమ్మి చెయ్యెత్తితే బండెడు క్యాబేజీ ఆయన పేరున ఖాయం చేసేశారట.

"అన్యాయం కదండీ!" అన్నాను.

"అన్యాయమేముందే? తుమ్ము ఒక్కటే అయితే వదిలేద్దును. రెండోసారి కూడా తుమ్మాడు. పాట పెంచినట్టే కదా!"

నేను పగలబడి నవ్వాను. పెట్టెలో వాళ్ళందరూ తిరిగి చూశారు. నా నవ్వు ఇంత గట్టిగా ఉంటుందని ఆయనకి తెలియదట. నాకు మాత్రం ఏం తెలుసు?

గొంతుకి శ్రమ ఇవ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. "ఇంక చాలండీ" అనాల్సింది నేను. అనలేదు. "తర్వాత?" అన్నాను. ప్రతిసారీ "తర్వాత?" అనే అన్నాను.

రెండో రోజు మందుల షాపాయన ఒకడు ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. మంచివాడే. నోటికి తాళం లేదు. మీ బావ మెడకి చుట్టుకున్న మఫ్లరు చూశాడు, గొంతు విన్నాడు.

"పెద్దాసుపత్రికేనా అన్నగారూ?" అన్నాడు.

"ఆసుపత్రేమిటయ్యా? మా మరదలి ఊరు. విహారయాత్ర" అన్నారు మీ బావ దర్జాగా.

"అబ్బే, ఏం దాచుకోకండి. ఈ బండిలో మెడకి గుడ్డ చుట్టుకున్నవాళ్ళంతా అక్కడికే. మా చెల్లెలి మొగుడికి గొంతు మొత్తం తీసేశారు, ఇక్కడ చిన్న చిల్లు పెట్టారు, దర్జాగా తిరుగుతున్నాడు. మాటొక్కటే లేదు. మా చెల్లెలు మహా సంతోషంగా ఉందిలెండి!" అని తన జోకుకి తనే నవ్వాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను బట్టల సంచి ఒళ్ళోకి లాక్కున్నాను. అదే నా పొరపాటు. ఆయన చూపు సంచి మీద పడింది, తర్వాత నా మొహం మీద పడింది. ఇన్నేళ్ళు మాటల్లేకుండా కాపురం చేసినవాళ్ళం, చూపుల్లో ఏం దాగుతుంది? ఆ తర్వాత వచ్చిన పెద్ద స్టేషన్లో పెట్టె దించుకుని దిగిపోయారు. రైలు కూత వేస్తోంది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని నేనూ దిగాను.

ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాక అడిగారు. "ఎవర్నడిగి?"

"అడిగితే వద్దంటారని..."

"వద్దంటే?"

"మీరు పోతారు."

"నా సరుకుని నన్నడక్కుండా నువ్వే పాటకి పెట్టావ్. నువ్వే పాడావ్. నువ్వే ఖాయం చేసేశావ్. ఇంతమందిని చూశాగానీ ఇలాంటి పాట నా జన్మలో చూళ్ళేదే."

అరవలేదు. అరిస్తే బాగుండేది. అప్పట్నుంచి మాటల్లేవు. ఇక్కడే స్టేషన్ పైన గది తీసుకున్నాం. రెండు ఇనప మంచాలు, ఒక కుర్చీ, కింద వెళ్ళే ప్రతి బండికీ వణికే కిటికీ అద్దం. గదిలో నీళ్ళు కావాలంటే బల్ల తట్టారు. ఆ తట్టు వినగానే నా ప్రాణం చచ్చిపోయింది. అదే తట్టు ఇంట్లో ఎన్నేళ్ళు విన్నాను, ఏమీ అనిపించలేదు. ఇప్పుడు విని తట్టుకోలేకపోయాను.

పిచ్చుకా, నీకింకా చెప్పనిది ఒకటుంది. రాయాలా వద్దా అని ఈ కాగితం రెండుసార్లు మడిచాను.

మా ఊరి డాక్టరు నన్నొక్కదాన్నీ గదిలో కూర్చోబెట్టి, "నిర్ణయం ఆయనది. ఇంటికెళ్ళి అడిగి రండమ్మా" అన్నారు. నేను కుర్చీలోంచి లేవకుండానే "అడిగాను, సరేనన్నారు" అన్నాను. నేను అబద్ధమాడటం నువ్వెప్పుడైనా చూశావా? అంత సులువుగా వచ్చేసింది. అక్కడితో ఆగలేదు. ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుని, "మాట తీసుకో, మనిషిని నాకుంచు" అని బేరం పెట్టాను. ఆ మాట నాది కాదు కదా ఇచ్చేయడానికి. నాకప్పుడు అది పెద్ద వస్తువులా తోచలేదు. ఇంట్లో లేని వస్తువు ఇస్తే ఏం పోతుందనుకున్నాను.

ఆ తర్వాత రైల్లో విన్నాను.

ఇప్పుడు నాకే ఇవ్వాలని లేదు. బెంచీ మీద ఆయన కదలనని కూర్చుంటే, పదండి ఇంటికి పోదాం, ఉన్నన్నాళ్ళూ మాట్లాడుకుందాం అని నా నోటిదాకా వచ్చింది. ఆయన్ని బతికించుకోవాల్సిన నేను! ఆ మాట వచ్చిన క్షణం నుంచి దేవుడి ముందు నా నోరు పెగలట్లేదు. కళ్ళు మూసుకుంటాను, దండం పెడతాను, ఏమీ రాదు. మనిషిని ఉంచమంటే మాట ఇచ్చేసినట్టు. మాట ఉంచమంటే మనిషిని ఇచ్చేసినట్టు. ఏం అడగాలో తెలియని మనిషి ఎలా ప్రార్థన చేస్తుంది?

మీ పెద్దాడి ఉద్యోగం గురించి చెప్పలేదు. ఎవరి గురించీ చెప్పలేదు. అక్క ఉంది, అక్క దేవుడికి చెప్తుంది అని మీరందరూ నిశ్చింతగా ఉన్నారు. చెప్పడం లేదు. అది నీకు తెలియాలి.

ఇక్కడిదాకా రాసి ఆపాను. కిందికి వెళ్ళి ఆయన్ని అడిగి వచ్చి మళ్ళీ రాస్తున్నాను. డాక్టరు అడగమన్నది ఇప్పుడు అడిగాను.

ప్లాట్‌ఫాం చివర నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఉన్నారు. పక్కన నిలబడ్డాను.

"మీరేమంటే అదే చేద్దాం. ఇంటికి అంటే ఇంటికే" అన్నాను.

పట్టాల వైపు చూశారు. తర్వాత, "నేను పోతే నువ్వేం చేస్తావ్?" అన్నారు.

"తెలీదు."

"నాకూ తెలీదు. అదే ఆలోచిస్తున్నా." మెడ మీది మఫ్లరు వదులు చేసుకున్నారు. "ఆసుపత్రికి వస్తానే. కానీ ఎక్స్‌ప్రెస్ ఎక్కను. అది గబగబా తీసుకెళ్ళి వాళ్ళకి అప్పజెప్పేస్తుంది. ప్రతి స్టేషన్లో ఆగే బండి ఉందట, పొద్దున్నే. అందులో వెళ్దాం. నేను చెప్పాల్సినవి సగం కూడా కాలేదు."

"డాక్టరు మాట్లాడొద్దన్నారు."

"ఆయన్ని అడిగానా? నిన్నడుగుతున్నా."

తల ఊపాను. ఆయన టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళారు. తప్పు చేశానేమో, నాకు తెలియదు. ఆ బండి ఆదివారానికి గానీ మీ ఊరు చేరదు. ఆసుపత్రి వాళ్ళు మంచం శుక్రవారం దాకానే ఉంచుతామన్నారు. ఆలస్యమైన కొద్దీ గడ్డ పాకుతుందని కూడా అన్నారు. ఆ లోపల ఆయన ఎక్కడ మనసు మార్చుకుంటారో, ఏ స్టేషన్లో దిగిపోతారో, దారిలో గొంతు పూర్తిగా పూడుకుపోతే నేనేం చేయాలో ఆలోచించుకుంటూనే ఇది రాస్తున్నాను.

నీకున్న పని ఇదీ. ఉత్తరం చదవగానే మరిదిగారిని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళు. గొంతు డాక్టరుగారిని కలిసి, కొన్ని రోజులు ఆ మంచం ఎవరికీ ఇవ్వొద్దని అడుగు. ఇచ్చేస్తామంటే బతిమాలు. నీ నోరు మంచిది, ఎవర్నైనా ఒప్పిస్తావు. ఒప్పుకోకపోతే అక్కడే కూర్చో, లేవకు. మీ బావ ఒప్పుకున్నారని మా ఊరి డాక్టరుతో నేను చెప్పింది అప్పుడు అబద్ధమని, ఇప్పుడు నిజమని కూడా చెప్పు. నేను నిన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

వీలైతే దేవుడికి కూడా చెప్పు. ఏమని చెప్పాలో నేను చెప్పను, నాకే తెలియదు. నీ మనసుకి తోచినట్టు చెప్పు.

టీచరమ్మ పెట్టె సర్దుకుంటోంది. ఇంకొక్క మాట. ఆదివారం స్టేషన్లో దిగాక మీ బావ నిన్ను ఎప్పటిలా "ఏమే పిచ్చుకా" అని పలకరించకపోతే నొచ్చుకోకు, ఏడవకు. లోపలున్న మాటలన్నీ దారిలో నాకే చెప్పేస్తానన్నారు. ఎవరికీ మిగల్చరట.

ఇట్లు,
ఈసారి నీ మీదే ఆధారపడ్డ
మీ పెద్దక్క