బేరింగ్‌కు సూది

2005 అక్టోబర్ 3, ఉదయం 6
ఇది నా కూతురు తబిత షుగర్ నోటుబుక్కు. తేదీ, టైము, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేశానో ఆరేళ్లు ఇందులోనే రాశాను. నా బిడ్డ పోయి నలభై ఒక్క రోజులు. రాయడానికి యూనిట్లు లేవు. టైముకు చెయ్యి మాత్రం దీని మీదికే పోతోంది. అందుకే ఏదో ఒకటి రాస్తున్నాను.

అక్టోబర్ 5, సాయంత్రం 6
మొక్కజొన్న గింజలు ఒలిచే మా కిరాయి మిషన్ తండాలో ఆగిపోయింది. అక్కడి రైతు హాతీరాం కళ్లంలో ఒలవని కండెలు ఇల్లంత కుప్ప. చక్రాన్ని తిప్పే షాఫ్టు చివర, లోపల ఇనుప గుండ్లుండే బేరింగ్ అరిగి కీచుమని అరిచిందట, పొగ వచ్చిందట. పెనుబల్లిలో అటువంటిది లేదు. ఖమ్మం నుంచి తెప్పించాలంటే వారం. గ్రీజు కొట్టరాదా అని మా ఆయనను అడిగాను. అది సీల్డ్ బేరింగే, రెండు దిక్కుల రబ్బరు మూత ఉంటది, గ్రీజు పోయేటందుకు దారి ఉండదు అన్నాడు ఆదాము.

అక్టోబర్ 6
మబ్బు పట్టింది.

అక్టోబర్ 7, మధ్యాహ్నం
హాతీరాం పెళ్లాం బాలి వచ్చింది. ఉన్న రెండు టార్పాలిన్ పట్టాలు కుప్పకు చాలడం లేదట. వాన పడితే గింజలు కాదక్కా, మొలకలు అమ్ముకోవాలె అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆమె పోయాక ఆదాము చెప్పాడు. రబ్బరు అంచు కింద నుంచి సూదితో నూనె ఎక్కించొచ్చట. తాను చేసి చూశాడట, చెయ్యి లావు, కుదరలేదట. రబ్బరు చిరిగితే దుమ్ము లోపలికి పోయి మొత్తానికే ఖరాబ్ అయితది అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండా, నీకు సూది తిరిగిన చెయ్యి ఉన్నది గదా విశ్రాంతం అని నన్ను పేరు పెట్టి అన్నాడు.

లేచి బయటికి పోయాను. ఆ చెయ్యి నా బిడ్డది. ఆరేళ్లు పొద్దున ఒక సూది, సాయంత్రం ఒకటి. ఆఖరి రోజు దవాఖానాలో నర్సులే పొడిచారు, నన్ను ముట్టనివ్వలేదు. ఇప్పుడు ఇనుముకు వేయమంటే ఎట్లా?

అక్టోబర్ 8, ఉదయం 6
దూరాన ఉరుముతోంది. బాలి మొహం కళ్లలోంచి పోవడం లేదు. తండాకు పోతున్నాను.

అక్టోబర్ 8, సాయంత్రం
ముందు తబిత సూదితోనే చూశాను. మరీ సన్నం. నూనె దిగలేదు, సూది వంగిపోయింది. పైకి అనలేదు గాని నాకు హాయిగా అనిపించింది. ఇక నా వల్ల కాదని ఇంటికి పోవచ్చు. అంతలో హాతీరాం పరుగున పోయి పశువుల డాక్టరు దగ్గర లావు సూది తెచ్చాడు. ఆదాము గ్రీజులో ఇంజనాయిలు కలిపి, వేడి చేసి పల్చన చేశాడు.

అలవాటు కొద్దీ నేను దూదికి స్పిరిట్ అద్ది రబ్బరు తుడిచాను. మా ఎద్దుకు గూడ ఆ డాక్టరు గింత మర్యాద చెయ్యలేదక్కా అన్నాడు హాతీరాం. బాలి పకపకా నవ్వింది. ఆదాము నవ్వలేదు.

రబ్బరు అంచుకూ లోపలి రింగుకూ మధ్య ఏటవాలుగా సూది పెట్టాను. మెల్లగా నొక్కాను. పోతోంది! దారే లేదన్న దాని లోపలికి పోతోంది! రబ్బరు రవ్వంత ఉబ్బగానే ఆపాను. ఎవరూ చెప్పలేదు, చేతికే తెలిసింది. పది లెక్కపెట్టి సూది తీశాను. ఆదాము షాఫ్టును చేత్తో తిప్పాడు. అట్లా నాలుగు చోట్ల వేశాను.

ఇంజను వేశారు. అరుపు లేదు. గరగర మాత్రం ఉంది. అరిగిన గుండ్లు కొత్తవి అయితయా, కుప్ప అయిపోయేదాంక తట్టుకుంటే చాలు అన్నాడు ఆదాము. కాసేపాగి ఇంజను ఆపించి బేరింగ్ మీద అరచెయ్యి పెట్టాను. జ్వరం దిగిన ఒంటిలా గోరువెచ్చగా ఉంది.

దేవుడా. ఎవరికీ కనపడని ఆ చీకట్లో, ఎండిపోయిన ఆ చిన్న గుండ్లకు తడి అందింది. నా చెయ్యే అందించింది. ప్రార్థనలో ఒక్కోసారి వేసే భయం వంటిది వేసింది.

అక్టోబర్ 9, ఆదివారం
చర్చికి పోలేదు. మిషన్ దగ్గరే ఉన్నాను. ఆఖరి బస్తా కొట్టంలోకి చేరాక వాన మొదలైంది.

అక్టోబర్ 10, ఉదయం 6
నిన్న అంతా అయ్యాక ఇంజను నుంచి మిషన్‌కు పోయే బెల్టును ఆదాము కర్రతో తప్పించాడు. ఇంజను ఆపేశాడు. నేను సూది వేసిన బేరింగ్ మీద మిషన్ చక్రం మాత్రం ఆగలేదు. వానలో నలుగురం నిలబడి చూశాం. ఎవరూ తోయడం లేదు. తిరుగుతూనే ఉంది.