రఫీ భాయ్ ముద్ర

రఫీ భాయ్,

మీరు చనిపోయిన ఏడాదికి, విమానాల విడిభాగాలు చేసే మన బెడోక్ వర్క్‌షాపుకి ఈరోజు క్వాలిటీ సర్టిఫికెట్ ఖాయమైంది. ఈ దేశం వచ్చిన మనవాళ్ళంతా కంప్యూటర్ ఉద్యోగాలకని సైన్స్ పార్క్ దారి పడితే, మీరు ఈ వర్క్‌షాపు కోసమే ఇక్కడ ఉండిపోయారు.

పార్టులు తనిఖీ చేసి మీరు వాటి మీద కొట్టే, మీ నంబరున్న ఉక్కు ముద్రని, కొత్తగా చేరిన లతకి ఇచ్చెయ్యమన్నాడు బాస్.

"ఉత్త నంబరే కదా లా, ఇంకోటి ఎందుకు?" అన్నాడు, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

నేను ఇవ్వలేదు. "అది రఫీ భాయ్ నంబర్ సార్. ఆ నంబరుతో ఆయన పాస్ చేసిన పార్టులు ఇంకా ఎగురుతున్నాయి."

సర్టిఫికెట్ కోసం వర్క్‌షాపు చూడ్డానికొచ్చిన ఆడిటర్ నా మాటే సరైనదన్నాడు. అయితే ఇంకెవరూ వాడకుండా ఆ నంబరు అరగదీసెయ్యాలన్నాడు.

ఆ పని వేరేవాళ్ళకి అప్పగించబుద్ధి కాలేదు. నేనే ఆకురాయి పట్టి రుద్దాను. అంచు గరుకుగా వదిలితే మీరు ఊరుకునేవారు కాదు. అదీ నున్నగా చేశాను.